కాలి వేలితో అ ఆ లు



మన పెద్దలు ఒక మాట చెప్పారు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేము అని. మాట మంచిదే. నోరు అదుపులో పెట్టుకోమని చెప్పిన మాట అది. కానీ జారిన కాలును వెనక్కు తీసుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆ సామెత చెప్పదు. ఒక్కోసారి ఒక్క నిమిషం చాలు. ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఈ రోజు మనం మాట్లాడుకునేది ఆ ఏడాది గురించి.

చెరువు కింద వరి పండే ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక కూలి తల్లి. వయసు నలభై లోపే. నాట్లకు పోతుంది, కలుపుకు పోతుంది, కోతకు పోతుంది. ఇంట్లో ఒక గేదె ఉంది. భర్త ఉన్నాడు. అత్త ఉంది. కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆ తల్లి చిన్నప్పుడు బడికి పోలేదు. పెద్దయ్యాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. సంతకం పెడుతుంది. కూడబలుక్కుని చదువుతుంది. అంకెలు బాగా వచ్చు.

శ్రావణ మాసం. నాట్లు ముమ్మరంగా సాగుతున్నాయి. పొద్దు వాలింది. ఆమె గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని గట్టు మీద వస్తోంది. గట్టు తడిసి ఉంది. ఎడమ కాలు జారింది. పాదం బోదెలో ఇరుక్కుంది. ఒళ్లు ఒకవైపు పోయింది, పాదం ఇంకోవైపు పోయింది. పటుక్కుమని చప్పుడైంది. ఆ చప్పుడు తోటి కూలీలకు కూడా వినపడింది.

లేవబోయింది. లేవలేకపోయింది. చీలమండ చూస్తుండగానే బూరెలా ఉబ్బింది. పాదం కాస్త పక్కకు తిరిగి కనిపించింది.

అప్పుడు చుట్టూ పదిమంది చేరారు. పది మందీ పది మాటలు చెప్పారు. ఒకామె "లాగితే సర్దుకుంటుంది" అంది. ఒకామె "నూనె రాసి గట్టిగా రుద్దండి" అంది. ఒకతను "రెండడుగులు వేయించండి, బెణుకైతే నడక వస్తుంది" అన్నాడు. అందరూ మేలు కోరే వాళ్లే. కానీ ఈ మూడు పనులూ చేయకూడనివే. ఎముక విరిగి ఉంటే లాగినా, రుద్దినా, నడిపించినా విరిగిన ముక్కలు ఇంకా పక్కకు పోతాయి. లోపల రక్తనాళాలు తెగొచ్చు.

చేయాల్సిన పనులు చాలా చిన్నవి. కాలు ఎలా ఉందో అలాగే ఉంచాలి. దిండు గానీ, మడిచిన దుప్పటి గానీ పాదం చుట్టూ చుట్టి, పై నుంచి వదులుగా గుడ్డతో కట్టాలి. కాలు ఎత్తులో పెట్టాలి. తడిగుడ్డతో చల్లదనం ఇవ్వాలి. పుండు పడి రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ అదిమి పెట్టాలి. 108కి ఫోన్ చేయాలి. ఆ బండికి డబ్బు కట్టనక్కర్లేదు.

ఇంకో పని ఉంది. దాన్ని అందరూ మరిచిపోతారు. కాలి పట్టీలు, మెట్టెలు వెంటనే తీసేయాలి. వాపు రావడానికి ముందే తీసేయాలి. ఆ రోజు ఒక పడుచు పిల్ల మెట్టెలు తీయబోయింది. అత్త చేయి అడ్డం పెట్టింది. "మొగుడు బతికుండగా మెట్టెలు తీస్తారంటే! కీడు!" అంది. ఎవరూ మాట్లాడలేదు.

ఆసుపత్రికి చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. వేలు వాచి మెట్టె కండలోకి దిగింది. వేలు నల్లబడుతోంది. నర్సమ్మ సబ్బు నీళ్లు పోసి లాగింది. రాలేదు. చివరికి కట్టరు తెచ్చి కత్తిరించింది. వేలు దక్కింది. నర్సమ్మ ఆ అత్తను తిట్టలేదు. "పెద్దమ్మా, మెట్టె మళ్లీ చేయించుకోవచ్చు. వేలు చేయించుకోలేం కదా" అంది. ముసలామె ఆ వెండి ముక్కలు కొంగున కట్టుకుని గోడవైపు తిరిగి ఏడ్చింది.

మరునాడు ఎక్స్‌రే తీశారు. చీలమండ దగ్గర మూడు ఎముకలు కలుస్తాయి. పిక్క ముందున్న పెద్ద ఎముక ఒకటి. దాని పక్కన సన్న ఎముక ఒకటి. ఈ రెండూ కలిసి పైన ఒక గాడిలాగా ఉంటాయి. పాదంలోని ఎముక వచ్చి ఆ గాడిలో కూర్చుంటుంది. వడ్రంగి గాడి తీసి చెక్క బిగించినట్టు ఉంటుంది. చుట్టూ గట్టి నరాల తాళ్ల వంటివి ఆ కీలును పట్టుకుని ఉంటాయి. ఒంటి బరువంతా ఆ చిన్న కీలు మీదే పడుతుంది. అందుకే అక్కడ విరిగితే మామూలు దెబ్బ కాదు. గాడి చెదిరితే నడక చెదురుతుంది.

ఆమెకు రెండు వైపులా ఎముకలు విరిగాయి. గాడి చెదిరింది. ఆపరేషన్ చేసి, ఎముక పక్కన రేకు పెట్టి మరలు బిగించాలన్నారు డాక్టరు గారు. వాపు కాస్త తగ్గాకే కోత పెడతామన్నారు. నాలుగు రోజులు ఆగారు.

ఆపరేషన్‌కు ముందు ఒక కాగితం తెచ్చారు. సిరా పెట్టె కూడా తెచ్చారు. వేలిముద్ర వేయమన్నారు. ఆమె సిరా పెట్టె పక్కకు నెట్టింది. "సంతకం చేస్తానయ్యా. ముందు చదువుకోనివ్వండి" అంది. కూడబలుక్కుని చదివింది. రెండు మాటలు తెలియలేదు. అడిగింది. చెప్పారు. ఏ కాలో అడిగింది. ఎడమ కాలు అని చూపించారు. అప్పుడు సంతకం చేసింది. ఆ కాగితం చదవడానికి పావుగంట పట్టింది. ఆమె జీవితంలో అంత విలువైన పావుగంట ఇంకోటి లేదు.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆమె నర్సమ్మను బతిమాలింది. "సిస్టరమ్మా, ముఖ్యమైనవి నాలుగు ముక్కలు తెలుగులో రాసివ్వండి" అంది. నర్సమ్మ వెనకవైపు రాసిచ్చింది.

6 వారాలు ఎడమ కాలు నేలకు మోపరాదు.
కాలు దిండ్ల మీద ఎత్తుగా పెట్టాలి. వేళ్లు కదుపుతుండాలి.
కట్టు తడపరాదు.
వేళ్లు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి భరించలేకపోయినా వెంటనే రావాలి. పగలైనా, రాత్రైనా.

ఈ నాలుగు ముక్కలు కాలికి కట్టు వేసుకున్న ప్రతి ఒక్కరికీ పనికొస్తాయి. కట్టు లోపల దురద పెడుతుంది. చీపురుపుల్ల దూర్చి గోక్కుంటారు. దూర్చకూడదు. పుండు పడితే పైకి కనిపించదు. లోపలే చీము పడుతుంది. కాలు ఎత్తులో పెట్టడమంటే పీట మీద పెట్టడం కాదు. పడుకున్నప్పుడు పాదం గుండె కంటే ఎత్తులో ఉండాలి. అప్పుడే వాపు దిగుతుంది. పిక్క గట్టిపడి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, గుండెలో పొడిచినట్టున్నా ఆలస్యం చేయకూడదు. కాలు కదలక రక్తం గడ్డ కడితే అలా అవుతుంది. అది ప్రాణం మీదకు వస్తుంది.

ఇక్కడ ఒక నిజమైన మనిషి గురించి చెప్పుకోవాలి. సుధా చంద్రన్ పేరు చాలామంది విన్నారు. చిన్నప్పటి నుంచి భరతనాట్యం నేర్చుకున్న పిల్ల. 1981లో తమిళనాడులో ఆమె ఎక్కిన బస్సుకు ప్రమాదం జరిగింది. కుడి కాలికి దెబ్బ తగిలింది. కట్టు వేశారు. చీలమండ దగ్గర చిన్న గాయం ఒకటి ఉంది. దాన్ని సరిగ్గా చూడలేదు. కట్టు లోపల ఆ గాయం కుళ్లింది. విషం పైకి పాకింది. చివరికి మోకాలి కింద కాలు తీసేయాల్సి వచ్చింది. చూశారా! కాలు పోయింది పెద్ద దెబ్బ వల్ల కాదు. పట్టించుకోని చిన్న గాయం వల్ల.

నాట్యం చేసే పిల్లకు కాలు పోతే ఇంకేముంది అన్నారు అందరూ. ఆమె ఊరుకోలేదు. జైపూర్ కాలు గురించి పత్రికలో చదివింది. జైపూర్‌లో పెద్ద చదువులు లేని పనివాడు రామచంద్ర శర్మ, డాక్టర్ సేథీ కలిసి తయారుచేసిన కాలు అది. మన దేశంలో నేల మీద కూర్చునే వాళ్ల కోసం, చెప్పులు లేకుండా నడిచే వాళ్ల కోసం తయారుచేశారు. ఆమె ఆ కాలు పెట్టించుకుంది. మొదట్లో అడుగు వేస్తే నొప్పి. ఒరుసుకుని రక్తం. అయినా మళ్లీ మొదటి అడుగు నుంచి నేర్చుకుంది. 1984లో బొంబాయిలో వేదికెక్కి మళ్లీ నాట్యం చేసింది. ఆమె కథనే 1985లో తెలుగులో మయూరి సినిమాగా తీశారు. సింగీతం శ్రీనివాసరావు గారు తీశారు. అందులో ఆమే నటించింది.

ఆమె కథ అందరికీ ధైర్యం ఇస్తుంది. దాంతో పాటు ఒక హెచ్చరిక కూడా ఇస్తుంది. కట్టు వేశారు కదా అని కళ్లు మూసుకోకూడదు. "లోపల మంటగా ఉంది, వాసన వస్తోంది, ఒకసారి విప్పి చూడండి" అని అడగాలి. అడగడానికి సిగ్గుపడకూడదు.

ఇంకో ప్రశ్న మీ అందరి మనసులో ఉంటుంది. నాటు కట్టు మంచిదా, ఆసుపత్రి మంచిదా అని. పుత్తూరు కట్టు పేరు తెలియని వాళ్లు మన దగ్గర తక్కువ. కట్లు కట్టే పెద్దలను చులకన చేయనక్కర్లేదు. కానీ లోపల ఏం విరిగిందో పై నుంచి చేత్తో చూస్తే అంతా తెలియదు. ముందు ఎక్స్‌రే తీయించాలి. పాదం పక్కకు తిరిగినా, ఎముక బయటికి కనిపించినా, పుండు పడినా, షుగరు జబ్బు ఉన్నా నాటు కట్టు జోలికి పోకూడదు. ఎవరు కట్టినా సరే, కట్టు బిగుసుకుపోయి వేళ్లు నల్లబడుతుంటే ఒక్క పూట కూడా ఆగకూడదు.

మళ్లీ మన ఊరి తల్లి దగ్గరకు వద్దాం.

ఆసుపత్రిలో పది రోజులు గడిచిపోయాయి. అసలు కష్టం ఇంటికి వచ్చాక మొదలైంది. అన్నం వండాలి. గేదెకు గడ్డి వేయాలి. నీళ్లు తేవాలి. దొడ్డికి పోవాలంటే గొంతు కూర్చోవాలి. ఒంటి కాలి మీద ఎలా కూర్చుంటుంది? రెండు రోజులు అన్నం తగ్గించి తింది. నీళ్లు తాగడం మానేసింది. ఆ సంగతి సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు కడుపు నొప్పి వచ్చింది. అప్పుడు భర్తకు తెలిసింది. అతను సంతలో ప్లాస్టిక్ కుర్చీ కొనుక్కొచ్చాడు. కత్తి ఎర్రగా కాల్చి కుర్చీ మధ్యలో గుండ్రంగా కోశాడు. అంచులు రాయితో నున్నగా రుద్దాడు. మరుగుదొడ్డిలో ఆ కుర్చీ వేశాడు. గోడకు పట్టుకోవడానికి ఒక వెదురు బొంగు కట్టాడు. పెద్ద ఖర్చు లేదు. కానీ ఆమెకు తిండి, నీళ్లు తిరిగొచ్చాయి.

ఆ తిండి విషయంలో కూడా గొడవే. అత్త పథ్యం పెట్టింది. పెరుగు వద్దు, గుడ్డు వద్దు, పప్పు వద్దు, చీము పడుతుందంది. నర్సమ్మ చెప్పింది వేరు. ఎముక అతకాలంటే బలం కావాలి. పాలు, పెరుగు, గుడ్డు, పప్పు, రాగి జావ, మునగాకు, తోటకూర, చిన్న చేపలు తినాలి. పొద్దున పూట కాసేపు ఎండలో కూర్చోవాలి. షుగరు లాంటి జబ్బులుంటే డాక్టరు చెప్పినట్టు తినాలి. ఇంకో మాట. పొగాకు ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. చుట్ట, బీడీ, అడ్డపొగ ఏదైనా కట్టు ఉన్నన్నాళ్లయినా మానాలి. అసలే మానితే ఇంకా మంచిది.

ఇంటి పని ఎవరు చేయాలి? అత్తకు చూపు ఆనదు. భర్త పొద్దున్నే కూలికి పోతాడు. కూతురు బడి మానేసింది. ఎవరూ మానమని చెప్పలేదు. తనే మానేసింది. వంట చేసింది. గేదెను కడిగింది. తల్లికి నీళ్లు పోసింది. అందరూ "బంగారు తల్లి" అని మెచ్చుకున్నారు.

తల్లి మంచం మీద పడుకుని అంతా చూస్తోంది. పదకొండు రోజులు లెక్కపెట్టింది. పన్నెండో రోజు పొదుపు సంఘం వాళ్లు చూడడానికి వచ్చారు. ఆమె ఏడ్చింది. "నా కాలు విరిగితే నా బిడ్డ చదువు విరిగింది. నా కాలు అతుక్కుంటుంది. దాని చదువు మళ్లీ అతకదు వదినా" అంది. వాళ్లు పండ్లు తెచ్చారు. ఆ పండ్లు పక్కన పెట్టి అక్కడే కూర్చుని మాట్లాడుకున్నారు. అయిదు ఇళ్ల వాళ్లు రోజుకొకరు కూర పంపుతామన్నారు. గేదె పాలు పిండడం పక్కింటామె తీసుకుంది. అందులో సగం పాలు ఆమెవే అని ఒప్పందం. అన్నం భర్త తెల్లవారుజామున వార్చి పోయేటట్టు. మర్నాడు ఆ పిల్ల జడ వేసుకుని బడికి పోయింది.

ఎవరికైనా దెబ్బ తగిలితే మనం చూడడానికి పోతాం. "అయ్యో పాపం" అంటాం. "మా మేనత్త కూడా ఇలాగే పడి మళ్లీ లేవలేదు" అని కూడా అంటాం. ఆ మాటలు మానేద్దాం. "రేపు నీ ఇంటికి ఏం కావాలి?" అని అడుగుదాం.

ఆసుపత్రి ఖర్చులో కొంత ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద పోయింది. ఏది ఉచితమో, ఏది కాదో ఆసుపత్రిలో ముందే అడగడం మంచిది. బండి ఛార్జీలు, మందులు, పోయిన కూలి అన్నీ కలిపి ఇరవై వేలు అప్పు కావాల్సి వచ్చింది. షావుకారు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అన్నాడు. ఆమె పలక తెమ్మంది. మంచం మీదే లెక్క వేసింది. 20,000కు నెలకు 600 రూపాయలు. పది నెలలకు 6,000. పొదుపు సంఘంలో నూటికి రూపాయి. నెలకు 200. పది నెలలకు 2,000. తేడా 4,000. సంఘంలోనే తీసుకుంది. కాలు పని చేయకపోయినా లెక్క పని చేసింది.

వినాయక చవితి వచ్చింది. నాలుగు వారాలైంది. చేలల్లో కలుపు తీతలు మొదలయ్యాయి. నొప్పి తగ్గింది. భర్తకు ఆశ పుట్టింది. "నొప్పి లేదంటున్నావు కదే. కట్టు విప్పేసుకుని గట్టు మీద కూర్చుని తీయొచ్చు. రెండు కూళ్లు వస్తే వడ్డీ కట్టుకుందాం" అన్నాడు. చెడ్డవాడై అనలేదు. అప్పు భయంతో అన్నాడు. ఆమెకు కూడా మనసు లాగింది. మంచం మీద పడి తినడం ఆమెకు అలవాటు లేదు.

తలకింద పెట్టుకున్న కాగితం తీసింది. వెనకవైపు తిప్పింది. వేలు పెట్టి చదివింది. "6 వారాలు ఎడమ కాలు నేలకు మోపరాదు." భర్తకు చూపించింది. "ఇది నేను అన్నమాట కాదయ్యా. రాసిన మాట. నొప్పి పోయిందంటే ఎముక అతికిందని కాదు. ఇంకా రెండు వారాలుంది. ఇప్పుడు మోపితే మళ్లీ ఆపరేషన్. మళ్లీ ఇరవై వేలు" అంది. అతను కాగితం వైపు చూశాడు. అతనికి చదువు రాదు. అయినా చాలాసేపు చూశాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ రెండు వారాలూ చాలా పెద్దవి. దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో అందరూ ఉంటారు. తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. పగలంతా ఒక్కతే ఉంటుంది. గోడ మీద బల్లిని చూస్తుంది. వీధిలో నడిచే వాళ్ల కాళ్లు చూస్తుంది. "నేను ఇంటికి బరువైపోయాను" అనుకుంటుంది. నిద్ర పట్టదు. ఊరికే కోపం వస్తుంది. ఒక రోజు అన్నం కంచం నెట్టేసింది. తర్వాత సిగ్గుపడింది. ఇది చాలామందికి వచ్చేదే. మనసు కూడా దెబ్బ తింటుంది. దానికీ వైద్యం కావాలి. మాట్లాడే మనిషి కావాలి. చేతులకు పని కావాలి. బతకాలని లేదనే ఆలోచన వస్తే దాచకుండా ఇంట్లో వాళ్లకు, డాక్టరుకు చెప్పాలి. అది సిగ్గుపడాల్సిన సంగతి కాదు.

ఆమె కూర్చుని చేసే పనులు వెతుక్కుంది. కూరలు తరిగింది. పప్పు ఏరింది. విస్తళ్లు కుట్టింది. కూతురి పాత నోటుపుస్తకంలో రోజూ రెండు వాక్యాలు రాసింది. ఇవాళ వాపు తగ్గింది. ఇవాళ వాన పడింది. ఇవాళ ఏడుపొచ్చింది. అలాంటివే.

ఆరు వారాలైంది. మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఎముక అతుకుతోంది అన్నారు. కట్టు తీశారు. ఆమె తన కాలు చూసుకుని భయపడింది. పిక్క సన్నబడింది. చర్మం పొలుసులు లేచింది. పాదం కొయ్యలా బిగుసుకుంది. పైకి వంగదు, కిందికి వంగదు. "ఇది నా కాలేనా?" అంది.

కట్టు తీస్తే బాగైనట్టు కాదు. అక్కడి నుంచే కాలికి మళ్లీ చదువు చెప్పాలి. వ్యాయామం నేర్పే డాక్టరమ్మ మూడు పనులు నేర్పింది. కాలు చాపి కూర్చుని, పాదం ముందు భాగానికి తువ్వాలు వేసి, రెండు చేతులతో మెల్లగా తన వైపు లాక్కోవాలి. నేల మీద గుడ్డ పరిచి కాలి వేళ్లతో ముడుచుకోవాలి. మూడోది విని ఆమె నవ్వింది. మంచం అంచున కూర్చుని, పాదం గాలిలో వేలాడదీసి, బొటనవేలితో అక్షరాలు రాయాలి!

చీలమండకు ఇది నిజంగా మంచి వ్యాయామం. అక్షరం రాస్తే పాదం అన్ని వైపులా తిరుగుతుంది. మన తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. పాదం సున్నా చుట్టినట్టు తిరుగుతుంది.

ఆ సాయంత్రం కూతురు బడి నుంచి వచ్చి పక్కన కూర్చుంది. తల్లి అ రాసింది. మధ్యలో నొప్పి. ఆగింది. ఆ రాసింది. ఇ సగంలోనే ఆగిపోయింది. కూతురు పంతులమ్మలా గొంతు పెట్టి "వంకర రాశావు, మళ్లీ రాయి" అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. రెండు నెలల్లో ఆ ఇంట్లో అంత నవ్వు ఇదే. వారానికి అచ్చులన్నీ వచ్చాయి. దసరాకు క, ఖ, గ, ఘ. దీపావళికి తన పేరు.

నడక కూడా మెట్టు మెట్టుగానే వచ్చింది. ముందు చంక కర్రలతో పాదం నేలకు తాకించింది. తర్వాత కొంచెం బరువు. తర్వాత సగం. ఎప్పుడు ఎంత మోపాలో డాక్టరు చెప్పినట్టే చేసింది. తర్వాత ఒక్క చేతికర్ర. కర్ర ఏ చేత్తో పట్టుకోవాలి? చాలామంది దెబ్బ తగిలిన వైపే పట్టుకుంటారు. అది తప్పు. ఎడమ కాలికి దెబ్బయితే కర్ర కుడి చేతిలో ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. ఎక్కేది మంచిది, దిగేది దెబ్బది అని గుర్తు పెట్టుకుంటే చాలు.

కార్తీకం చివర కోతలు వచ్చాయి. నాలుగు నెలలు కావస్తోంది. ఆమె కర్ర లేకుండా నడుస్తోంది. ఆగలేకపోయింది. ఎవరికీ చెప్పకుండా కొడవలి పట్టుకుని పోయింది. పొద్దంతా నిలబడి కోసింది. ఆ రాత్రి చీలమండ కుండలా వాచింది. నొప్పికి నిద్ర లేదు. "అంతా పాడు చేసుకున్నాను" అని ఏడ్చింది. తెల్లారి ఆసుపత్రికి పోయారు. ఎక్స్‌రేలో రేకు, మరలు చక్కగానే ఉన్నాయి. డాక్టరు గారు ఇలా చెప్పారు. "ఎముక అతకడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కండకు, కీలుకు బలం రావడానికి నెలలు పడుతుంది. సాయంత్రం వాపు ఏడాది దాకా ఉండొచ్చు. ఒక రోజు వెనక్కు పోయావు. అంతే. మొదటికి రాలేదు."

ఆ మాట ఆమె నోటుపుస్తకంలో రాసుకుంది. ఒక రోజు వెనక్కు. మొదటికి కాదు.

అప్పటి నుంచి కొలత పెట్టుకుంది. ఈ వారం వీధి చివరి దాకా. వచ్చే వారం రామాలయం దాకా. ఆ పై వారం చెరువు గట్టు దాకా. వాపు వస్తే ఒక రోజు తగ్గించింది. వాపు లేకపోతే ఇరవై అడుగులు పెంచింది. సంక్రాంతికి కూర్చుని ముగ్గు వేయలేకపోయింది. ఎత్తు పీట వేసుకుని వేసింది. పాలు కూడా పీట మీద కూర్చుని పిండింది.

ఏడాది తిరిగింది. మళ్లీ శ్రావణం వచ్చింది. ఇప్పుడు ఆమె ఎలా ఉంది? ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఆమె కాలు పూర్తిగా పాత కాలు కాలేదు. గొంతు కూర్చోవడం ఇంకా కష్టమే. మబ్బు పట్టిన రోజు సలుపుతుంది. దూరం నడిస్తే కొద్దిగా కుంటుతుంది. రోజంతా బురదలో వంగి నాటలేదు. నారు పీకే పని, కట్టలు కట్టే పని చేస్తోంది. ఇంకో గేదెను కొనాలని సంఘంలో అడిగింది. కూతురు తొమ్మిదిలోకి వచ్చింది. అప్పు సగానికి పైగా తీరింది.

కొందరికి ఇంతకంటే బాగా నయమవుతుంది. కొందరికి లోపం మిగిలిపోతుంది. అలా మిగిలితే ప్రభుత్వ వైద్యులు పరీక్షించి వికలాంగుల ధ్రువపత్రం ఇస్తారు. లోపం 40 శాతం, అంతకంటే ఎక్కువ ఉంటే పథకాలు అందుతాయి. దానికి దరఖాస్తు పెట్టుకోవడం అడుక్కోవడం కాదు. అది హక్కు.

మొన్న నాట్ల రోజున ఆమె అదే గట్టు మీద నడిచింది. గడ్డిమోపు లేదు. చేతిలో కర్ర ఉంది. కాలు జారిన చోట ఆగింది. వెనక అత్త ఉంది. ముసలామె కొంగుముడి విప్పింది. అందులో కొత్త మెట్టెలు. పాత వెండి ముక్కలు కరిగించి చేయించింది. ఈసారి వాటిని గట్టిగా నొక్కలేదు. తేలిగ్గా వచ్చేటట్టు వదులుగా చేయించింది. "అవసరమైతే తీసెయ్యొచ్చు" అంది.

అమ్మల్లారా! కాలు జారితే తీసుకోవచ్చు అన్న పెద్దల మాట నిజమే. కానీ ఒక్క ఊపులో తీసుకోలేం. అక్షరాలు ఎలా నేర్చుకున్నామో అలాగే తీసుకోవాలి. రోజుకొకటి. తప్పు పోతే తుడిచి మళ్లీ రాయాలి. పక్కన కూర్చునే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి మన వీధిలో ఎవరికి కావాలో ఈ రోజు ఇంటికి పోతూ ఒకసారి చూడండి.

సెలవు.

మాట్లాడుకోండి, రాయండి

1. దెబ్బ తగిలిన వెంటనే మెట్టెలు, పట్టీలు ఎందుకు తీయాలి?
2. కట్టు ఉన్నప్పుడు ఏ గుర్తులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి?
3. మీ ఊరికి దగ్గరలో ఎక్స్‌రే ఎక్కడ తీస్తారు? ఆ ఊరి పేరు రాయండి.
4. 15,000 రూపాయల అప్పుకు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అయితే ఆరు నెలలకు ఎంత?
5. మంచం అంచున కూర్చోండి. కాలి బొటనవేలితో గాలిలో మీ పేరు రాయండి.